నాయన పెట్టెలో సత్తుగిన్నె

కొత్తూరు, ఆలూరు దగ్గర,
కర్నూలు జిల్లా.
29 ఆగస్టు 2024

చెల్లెలు సుంకమ్మకు అన్న సోమన్న దీవెనలు.

అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయి, ఏమనుకోవద్దు. మన ఊరి బడిలో ఐదు వరకు చదివినవాణ్ణి. మామూలుగానే తప్పులు రాస్తాను. ఇప్పుడు ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేతికి పిండికట్టు వేసి మెడకు తగిలించారు. విరిచింది నీ కొడుకు ప్రవీణ్.

పోయిన శుక్రవారం పొద్దున బర్రెకు నీళ్లు పెడుతుంటే ఇంటి ముందర కారు ఆగింది. ప్రవీణ్ దిగాడు. వెంట ఇద్దరున్నారు, వాళ్లెవరో నాకు తెలియదు. ఎండాకాలం ముందు నాయన పోయినప్పుడు మట్టి వేయడానికి వచ్చిన పిల్లవాడు మళ్లీ ఇప్పుడే రావడం. సంతోషపడ్డాను. మీ వదిన రామసుబ్బమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయింది.

"మామా, తాత మిల్ట్రీ పెట్టె యాడుండాది?" అన్నాడు.

అటక మీద ఉందన్నాను. వాడే ఎక్కి దించాడు. తాళం పగలగొట్టాడు. అడిగి ఉంటే తాళంచెవి ఇచ్చేవాణ్ణి. నాయన పెద్దకోటు తీసి నేల మీద వేశాడు. బెల్టు, బూట్లు, పతకాలు, సత్తుగిన్నె అన్నీ దాని మీద పారేశాడు. పెట్టె బోర్లించి దులిపాడు.

"కుక్రీ యాడుండాది?"

"దాంతో నీకేం పనప్పా?"

"అమ్మ తెమ్మనింది."

"అయితే అమ్మకే చెప్తాలే."

నా చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు. చెప్పమంటాడు, నేను చెప్పను. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. నాకు నొప్పి తరువాత తెలిసింది. ముందు వాని ముఖం చూశాను. నాకంటే వాడే ఎక్కువ భయపడ్డాడు.

అప్పుడే మీ వదిన బయటికొచ్చింది. కాగే టీ గిన్నెతో సహా వాని మీద విసిరింది.

"థూ! తల్లి తోడబుట్టినోని చెయ్యి విరిచేంత మొగోడివైనావా రా? పో, పోయి మీయమ్మకు చూపిచ్చుకో మీసాలు!"

వాళ్లు కారెక్కి పోయారు. డాక్టరుతో అటక మీద నుంచి పడ్డానని చెప్పాను.

ఆ కుక్రీ కత్తి బంగ్లాదేశ్ యుద్ధం నుంచి నాయనతో వచ్చింది. దసరా ఆయుధపూజకు తప్ప ఎన్నడూ బయటికి రాలేదు. నాయన తప్ప ఎవరూ ముట్టింది లేదు. ఇప్పుడు నీకు దేనికి? నిజం రాయి. ఫోను వద్దు. నాకు సగం వినపడదు, నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

నీ అన్న,
సోమన్న


జమ్మలమడుగు దగ్గర,
కడప జిల్లా.
11 సెప్టెంబరు 2024

అన్నకు సుంకమ్మ నమస్కారాలు.

చెయ్యి విరిచి రమ్మని నేను చెప్పలేదు. కత్తి తెమ్మన్నాను. నువ్వు ఇచ్చి ఉంటే ఇంతవరకు వచ్చేది కాదు. వదిన టీ పోసిన చోట వానికి మెడంతా బొబ్బలెక్కింది, అది కూడా చెప్పు మీ ఊళ్లో.

దేనికంటావా? దసరా పూజకు. నాయన లేని మొదటి దసరా. కత్తి నా ఇంట్లో పూజ అందుకోవాలి. నువ్వు దాన్ని ఏం చేసుకుంటావు? కోడిని కోస్తుంటే గడ్డివామి చాటుకు పోయి నిలబడేవాడివి. నాయన నిన్ను చూసి తల తిప్పుకునేవాడు. నన్ను మాత్రం, "ఇది మొగపిల్లోడై పుట్టాల్సింది" అనేవాడు. గుర్తుందా?

నాకు నాయన అంటే ఆ బెల్టే ముందు గుర్తుకొస్తుంది. నేను అన్నం తింటుంటే, పాలు పొంగిపోయాయని అమ్మ నా జుట్టు పట్టి లేపింది. నాయన బెల్టు తీసి అమ్మను వీపు చిట్లేదాకా కొట్టాడు. "తినేదాన్ని లేపుతావా? తినేదాన్ని లేపుతావా?" అంటూ కొట్టాడు. ఇత్తడి బిళ్ల అమ్మ వీపు మీద అచ్చు పడింది. నేను ఆ ముద్ద మింగలేక, ఉమ్మలేక కూర్చున్నాను. బిడ్డ కోసం పెళ్లాన్నే కొట్టిన మనిషి. అట్లాంటి మొగోడు ఇప్పుడు మన ఇళ్లలో లేడు.

నువ్వు నిజం రాయమన్నావు. రాస్తా చదువు.

పోయిన కార్తీకంలో మీ బావను చంపింది ఎట్లనో నీకు ఎవరూ సరిగా చెప్పలేదు. గండికోట దోవలో టూరిస్టులకు డేరాలు వేసే స్థలం ఉంది కదా, బొజ్జన్నది, మాది, పక్కపక్కనే. మధ్యలో బండ్లదోవ. ఆ దోవ కోసం రెండేళ్లు తగాదా. ఆ రోజు పొద్దున మీ బావ హోటల్లో కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. బొజ్జన్న వెనక నుంచి వచ్చి వేటకొడవలితో మెడ మీద వేశాడు. తరువాత చేతుల మీద. తరువాత ఎక్కడ పడితే అక్కడ. నేను పోయేసరికి బల్ల కింద ఉన్నాడు. ఆయన నోరు తెరిచి చూశాను అన్నా. ఉగ్గాని ఇంకా నోట్లోనే ఉంది. మింగే టైము కూడా ఇవ్వలేదు.

ఆ బొజ్జన్న ఇప్పుడు బెయిలు మీద వచ్చి మా ముందరే బైకు మీద పోతున్నాడు.

నాయన కత్తి పంపించు. పూజ చేసుకుంటా. పూజ తరువాత సంగతి నీకెందుకు?

సుంకమ్మ


కొత్తూరు.
24 సెప్టెంబరు 2024

చెల్లెలు సుంకమ్మకు,

నీ జాబు నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఉగ్గాని మాట దగ్గర నేను ఆగిపోయాను. నువ్వు ఆ మాట రాయకపోయి ఉంటే ఇది నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

ముందు కత్తి సంగతి. అది నా దగ్గర లేదు. నాయనను పూడ్చినప్పుడు ఆయన తొడ కింద పెట్టాను. బట్టలో చుట్టి పెట్టాను కాబట్టి మీరెవరూ చూడలేదు. అట్లా పెట్టమని నాయనే చెప్పాడు. ఇది ప్రవీణ్‌కు చెబితే గడ్డపార తీసుకుని నేరుగా సమాధి దగ్గరికే పోయేవాడు. అందుకే చెప్పలేదు.

చివరి ఏడాది నాయనకు మతి నిలకడగా లేదు. నువ్వు వచ్చినప్పుడల్లా నిద్రలో ఉండేవాడు. నిద్ర కాదు, మాత్రలు వేసి ఉండేవాళ్లం. లేకపోతే మంచం మీద నుంచి దూకి "హాత్ ఊపర్! హాత్ ఊపర్!" అని, చేతులు పైకెత్తమని అరిచేవాడు. మీ వదినను గోడకు అదిమిపెట్టి గొంతు పట్టాడు. నేను విడిపించబోతే నా భుజం కొరికాడు, ఆ పళ్ల గుర్తు ఇంకా ఉంది. తొంభై దాటిన మనిషికి అంత బలం ఎక్కడిదో. చీర చింపి మంచానికి కట్టేసేవాళ్లం. కట్లు రాచుకుని చేతులు పుండ్లయ్యాయి. నేను వేపాకు నూరి పూసేవాణ్ణి.

ఒక్కోసారి తెలివి వచ్చేది. అట్లా తెలివి వచ్చిన ఒక మధ్యాహ్నం నేను కింద కూర్చుని సంగటి తింటున్నాను. నాయన నన్నే చూస్తూ ఉన్నాడు. నేను తినడం అయ్యేదాకా ఆగి, చెయ్యి కడుక్కున్నాక పిలిచాడు.

"సోమా, ఆ సత్తుగిన్నె నాది కాదు రా."

ఆ గిన్నె నీకు గుర్తుందా? మూతకు పిడి ఉండే మిల్ట్రీ గిన్నె. నాయన దాన్ని చింతపండు వేసి తోమేవాడు. మనల్ని ముట్టనిచ్చేవాడు కాదు. దసరా రోజు కత్తి పక్కన పెట్టి, బొట్టు పెట్టి, తన చేత్తో అన్నం ముద్ద చేసి అందులో వేసేవాడు. ఆ ముద్ద కాకులకు పెట్టి, కాకి తినేదాకా ఎండలో నిలబడేవాడు. ఆయుధాలకు నైవేద్యం అనుకున్నాం మనం. మన చుట్టాలందరూ అదే అనుకున్నారు. నేను కూడా నా ఇంట్లో కొడవలి, నాగలి పెట్టి వాటి ముందు అన్నం ముద్ద పెట్టడం అలవాటు చేసుకున్నాను. నువ్వు కూడా పెడతావని నాకు తెలుసు.

నాయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

"తెల్లారుతాండాది. మంచు. వరిమళ్లల్లో మోకాటి లోతు బురద. ముందర గట్టు మీద ఒగడు కూచ్చోనుండె. తుపాకీ పక్కన పెట్టి, కాళ్లు చాపుకోని అన్నం తింటాండె. కాలిస్తే చప్పుడైతాది, వెనకాల వాళ్ల పటాలం ఉండాది. గూర్ఖావోడు ఇచ్చిన కుక్రీ తీసినా. వాడు తలెత్తినాడు. చెయ్యి పైకెత్తినాడు రా సోమా. చేతిలో అన్నం ఉండె. ఏదో చెప్పబోయినాడు, నోట్లో ముద్ద. మాట రాల్యా. ఏసినా. ఒక్క దెబ్బకు పోలేదు. మెడ సగం తెగి ఏలాడతాండాది, వాడు ఇంకా నమల్తాండాడు. ఇంగా నమల్తానే ఉండాడు రా. మళ్లా ఏసినా. ఎన్నిసార్లు ఏసినానో నాకే తెలీదు."

తరువాత నాయన ఆ గిన్నెలోని అన్నం బురదలో పారబోసి గిన్నె తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చుకున్నాడో తనకే తెలియదన్నాడు.

గిన్నె అడుగున మేకుతో గీసిన రాత ఉంది. మనం మిల్ట్రీవాళ్ల గుర్తు అనుకున్నాం. పరుపులు కుట్టే మౌలాలి నీకు తెలుసు కదా. నాయన పోయాక వాని దగ్గరికి తీసుకుపోయాను. అద్దాలు పెట్టుకుని చదివాడు. ఉర్దూలో "అల్లాదిత్తా" అని ఉందట. "మా పక్క పెట్టుకునే పేరు కాదు సోమన్నా, యాడో పంజాబోళ్ల పేరు" అన్నాడు.

దసరాకు నాయన చేసింది ఆయుధపూజ కాదు సుంకా. ఆ అల్లాదిత్తాకు ఏడాదికొక ముద్ద పెట్టాడు. వాడు మింగలేకపోయిన ముద్ద.

అమ్మను కొట్టింది కూడా నిన్ను చూసి కాదు. తింటున్న మనిషిని పట్టి లేపితే ఆయనకు ఆ గట్టే కనపడేది. పోయేరోజు వరకు కనపడింది. చివరి నెల నాయన ఏమీ మింగలేదు. నోట్లో పెట్టింది పెట్టినట్టే ఉండేది. వేలు పెట్టి తీసేవాణ్ణి.

బొజ్జన్న చేసింది ఎంత పాపమో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన నాయన చేసిందీ అదే. ఆయనకు పతకం ఇచ్చారు, అంతే తేడా. పతకం పెట్టెలోనే ఉండేది. దాన్ని తోమగా నేను ఎన్నడూ చూడలేదు.

ప్రవీణ్‌ను ఆ గట్టు మీదికి పంపొద్దు. బతిమాలుతున్నాను.

సోమన్న


జమ్మలమడుగు దగ్గర.
5 అక్టోబరు 2024

అన్నకు,

నీ జాబు చదివి చించేశాను. మళ్లీ ముక్కలు ఏరి అతికించుకుని చదివాను.

నాయన మీద ఇన్ని అబద్ధాలు ఎట్లా రాశావు? మతి లేని మనిషి కూసిన కూతలు పట్టుకుని ఆయన్ను హంతకుణ్ణి చేస్తావా? యుద్ధం యుద్ధమే. చంపకపోతే చస్తాడు. నాయన నాకెందుకు చెప్పలేదు? నేనంటేనే కదా ఆయనకు ఇష్టం?

కత్తి సమాధిలో ఉందని ప్రవీణ్‌కు చెప్పాను. "పోయి తవ్వుతా" అన్నాడు. నేనే వద్దన్నాను. నాయన ఎముకలు కెలికిస్తానా నేను? ఆ మాత్రం నాకు తెలుసు. మాకు ఇక్కడ కొడవళ్లకు తక్కువ లేదు.

బొజ్జన్న బెయిలుకు షరతు ఉంది. సోమవారం సోమవారం టౌనులో పోలీస్ టేసనుకు వచ్చి సంతకం పెట్టి పోవాలి. దసరా పోయిన మరుసటి సోమవారం అనుకున్నాము. ప్రవీణ్ ఒక్కడే. తండ్రిని చంపినవాణ్ణి కొడుకే ఒంటరిగా వేయాలి అని నేనే చెప్పాను.

నీకు ఇది ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

వాడు నీ చెయ్యి విరిచిన రోజు ఇంటికి వచ్చి దొడ్లో కక్కుకున్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. "అమ్మా, ఆ చప్పుడు చెవుల్లోంచి పోల్యా" అంటాడు. నేను వాని మీద ఉమ్మేశాను. "మీ మామ మాదిరి పుట్టినావు, పిరికినాయాలా" అన్నాను. "బొజ్జన్నను ఏసే వరకు నన్ను అమ్మా అనొద్దు" అన్నాను. అప్పటి నుంచి వాడు నన్ను పిలవడం లేదు. కంచం ముందు పెడితే తింటాడు, లేచి పోతాడు. అంతే.

ఇంక నువ్వు రాయొద్దు. రాసినా చదవను.

సుంకమ్మ


పెద్దాసుపత్రి, కడప.
23 అక్టోబరు 2024

సుంకా,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. బోర్ల పడుకుని దిండు మీద కాగితం పెట్టి రాస్తున్నాను. వీపు మీద కుట్లు ఇంకా తీయలేదు. జరిగింది నీకు పది మంది పది రకాలుగా చెప్పి ఉంటారు. నేను చూసింది చెబుతాను.

ఆ సోమవారం కంటే ముందు రోజే బస్సెక్కాను. టేసనులో చెప్పాలనే వచ్చాను. పొద్దున గేటు దాకా పోయాను. లోపల అందరూ పనిలో ఉన్నారు. ఏమని చెప్పాలి? ఇంకా జరగని దాన్ని ఎట్లా చెప్పాలి? నా సంగతి నీకు తెలుసు, నలుగురు ఉంటే నాకు నోరు రాదు. తిరిగి వచ్చి ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చున్నాను.

బొజ్జన్న వచ్చాడు. సంతకం పెట్టి బయటికొచ్చి టీ చెప్పాడు. నేను లేచిపోయి వాని పక్కన కూర్చున్నాను. భుజానికి భుజం తగిలేటట్టు కూర్చున్నాను. వాడు జరిగాడు. నేనూ జరిగాను.

"ఎవరప్పా నువ్వు? మీద మీద పడతాండావు?"

"నేను సుంకమ్మ అన్నను. ఉమామహేశ్వర మా బావ."

వాడు లేవబోయి నా పిండికట్టు చూశాడు. నవ్వాడు.

"ఒంటిచేత్తో చంపనీకి వచ్చినావా పెద్దాయనా?"

"లేదు. నీ పక్కన కూచ్చోనీకి వచ్చినా."

వాడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. తరువాత అన్నాడు. "మీ బావ మంచోడని ఏడ్చినారు కదా అందరూ. నా తమ్ముని కాలు మోకాటికాడికి నరికిచ్చింది ఎవరో మీ చెల్లెలు చెప్పిందా నీకు? వాడు ఇప్పుడు చక్రాల బండ్లో ఉండాడు. దొడ్డికి పోవల్లన్నా నేనే ఎత్తుకోని పోవల్ల."

నువ్వు నాకు అది రాయలేదు. నేను అడగడం లేదు.

ప్రవీణ్ బైకు మీద వచ్చాడు. చొక్కా వెనక నుంచి కొడవలి తీశాడు. నన్ను చూసి ఆగాడు.

"మామా, పక్కకు పో."

"పోను రా."

"మామా, నీ కాళ్లు మొక్కుతా, పో."

బొజ్జన్న పరిగెత్తబోయాడు. ప్రవీణ్ వేశాడు. దెబ్బ బొజ్జన్న భుజం మీద పడి ఎముక కనపడింది. వాడు బల్ల మీద నుంచి కింద పడ్డాడు. నేను వాని మీద పడ్డాను. అంతకంటే వేరే ఏం చేయాలో నాకు తోచలేదు. రెండో దెబ్బ నా వీపు మీద పడింది. మొదట సల్లగా అనిపించింది. నా కింద బొజ్జన్న ఎగిరెగిరి పడుతున్నాడు. వాని నెత్తురు వెచ్చగా నా మెడ కింద పారుతోంది. వాడు వాళ్లమ్మను పిలుస్తున్నాడు. మూడో దెబ్బ కోసం నేను కళ్లు మూసుకున్నాను.

పడలేదు. తల తిప్పి చూస్తే ప్రవీణ్ రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. కొడవలి వాని ఒళ్లో ఉంది. "మామా, నీకు తగిలిందా? మామా, నీకు తగిలిందా?" అని అదే మాట అంటున్నాడు. పోలీసులు వచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతుంటే కూడా అదే మాట.

ఆంబులెన్సులో ఇద్దరినీ పక్కపక్కనే వేశారు. బొజ్జన్నకు స్పృహ ఉంది.

"నా కోసం ఎందుకు పడినావు పెద్దాయనా?" అన్నాడు.

"నీ కోసం కాదప్పా. వాని కోసం."

వాడు బతికాడు. చెయ్యి మాత్రం ఇంక లేవదట.

ఇప్పుడు చెప్పబోయేదానికి నువ్వు నన్ను జన్మలో క్షమించవు. పోలీసాయన వచ్చి అడిగాడు. బొజ్జన్న ఏమీ చెప్పలేదు, ముఖం చూడలేదన్నాడు. బయటికొచ్చి వాడే చూసుకుంటాడని ఆ మాటకు అర్థం, అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. టీ అంగడివాడు కూడా చూడలేదన్నాడు. పోలీసులు ప్రవీణ్‌ను కొడవలితో పట్టుకున్నారు గానీ, వేస్తుంటే చూడలేదు, చూసిన సాక్షి లేకపోతే కేసు నిలవదట. ఇంక నేను ఒక్కణ్ణే మిగిలాను. వార్డులో అంతమంది ఉన్నారు. నాకు నోరు వచ్చింది. "వేసింది నా చెల్లెలి కొడుకు ప్రవీణ్. ఒకటి బొజ్జన్న మీద, ఒకటి నా మీద. మూడోది వాడే ఆపుకున్నాడు" అని చెప్పాను. వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను.

జైల్లో ఉంటే బొజ్జన్న మనుషులు వాణ్ణి ముట్టలేరు. వాడూ ఎవరినీ ముట్టలేడు. కొన్నేళ్లు పోతే బయటికి వస్తాడు. చంపినవాడిగా రాడు. నాయన లాగా రాత్రిళ్లు లేచి అరవడు. నేను అనుకున్నది ఇంతే. తప్పో ఒప్పో నాకు తెలియదు.

మీ వదిన మొన్న జైలుకు పోయి ములాఖత్‌లో వాణ్ణి చూసి వచ్చింది. టీ పోసిన మెడ మీద మచ్చ చూసి బయటికొచ్చి ఏడ్చిందట. వాడు అన్నం సరిగా తినడం లేదట. "అత్తా, అమ్మ ఏమనింది? అమ్మ వస్తాదా?" అని అడిగాడట. బొజ్జన్న బతికి ఉన్నాడు కాబట్టి నువ్వు రావని వాడు అనుకుంటున్నాడు. అమ్మా అని పిలవొచ్చో లేదో వానికి తెలియదు.

మంగళవారం ములాఖత్ ఉంది. ఆధార్ కార్డు తీసుకుపోవాలి. పోయి వాణ్ణి ఒక్క మాట అడుగు, తిన్నావా అని. వేరే ఏమీ మాట్లాడకపోయినా సరే.

పోతావో, పోవో, నాకు తెలియాలి. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టే రాయి. ఆసుపత్రి అడ్రసుకే రాయి, ఇంకా పది పదిహేను రోజులు ఇక్కడే ఉంచుతారట. పోస్టుమ్యాన్ పన్నెండు గంటలకు వస్తాడు. మంగళవారం లోపల నీ జాబు అందేటట్టు చూడు తల్లీ.

నీ అన్న,
సోమన్న